ఓడ ఇంజన్ల సర్వీసు ఇంజనీరు

ఓడలో సిబ్బందిగా చేరకుండా, ఏ రేవులో ఏ ఓడ ఇంజన్ మొరాయిస్తే అక్కడికి వెళ్లి, లోపం కనిపెట్టి, బాగుచేసి, నివేదిక రాసి తిరిగివచ్చే నిపుణుణ్ని ఓడ ఇంజన్ల సర్వీసు ఇంజనీరు అంటారు. ఇతను ఇంజన్ తయారుచేసిన కంపెనీ మనిషి కావచ్చు, ఆ కంపెనీ గుర్తింపు ఉన్న వర్క్‌షాపు మనిషి కావచ్చు, సొంతంగా పనులు ఒప్పుకునేవాడూ కావచ్చు. ఓడలో చీఫ్ ఇంజనీరు నుంచి వైపర్ దాకా ఇంజన్ రూమ్ సిబ్బంది ఎలాగూ ఉంటారు. రోజువారీ నడక, మామూలు మరమ్మతులు వాళ్లే చూసుకుంటారు. వాళ్ల దగ్గర లేని పనిముట్టు కావలసి వచ్చినా, వాళ్లు ఎన్నడూ విప్పని భాగం విప్పాల్సి వచ్చినా, లోపం ఎంతకీ అంతుచిక్కకపోయినా బయటి మనిషికి కబురు వెళ్తుంది. పాడయిన భాగాన్ని మార్చడం ఇతని పనిలో తేలిక సగం. అది ఎందుకు పాడయిందో తేల్చి, ఓడ యజమాని ముందూ చీఫ్ ఇంజనీరు ముందూ మొహమాటం లేకుండా చెప్పడం బరువైన సగం.

వృత్తి పుట్టుక

యంత్రం అమ్మినవాడే మనిషిని కూడా పంపాలన్న ఆనవాయితీ ఆవిరి యంత్రాలంత పాతది. బర్మింగ్‌హామ్‌లోని బౌల్టన్ అండ్ వాట్ కంపెనీ తన యంత్రాలను గనుల దగ్గర బిగించి నడిపించడానికి 1779లో విలియం మర్డాక్‌ను కార్న్‌వాల్ పంపింది. 1807లో హడ్సన్ నది మీద రాబర్ట్ ఫుల్టన్ నడిపిన ఆవిరి పడవలో ఉన్నది ఆ కంపెనీ ఇంజనే. ఓడలు పెద్దవయ్యాక కొత్త ఓడ తొలి ప్రయాణంలో కట్టినవాళ్ల మనుషులు కూడా వెంట వెళ్లడం మొదలైంది. వెళ్లేవాణ్ని గ్యారంటీ ఇంజనీరు అంటారు, ఆ పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మీద బెల్‌ఫాస్ట్ నుంచి అలాంటి బృందమే ఎక్కింది. ఓడ రూపకర్త థామస్ ఆండ్రూస్ దానికి పెద్ద. పని నేర్చుకుంటున్న కుర్రాళ్లతో కలిపి తొమ్మిది మంది. ఒక్కరూ తిరిగి రాలేదు.

అదే 1912లో కోపెన్‌హేగన్‌లో బర్మైస్టర్ అండ్ వైన్ కట్టిన సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజన్లతో బ్యాంకాక్ దాకా ప్రయాణించింది. రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా పరీక్షకు నిలిచి అప్పటికి 15 ఏళ్లే. సముద్రం మీద దూరప్రయాణాలకు డీజిల్ పనికొస్తుందని సెలాండియాతో లోకానికి నమ్మకం కుదిరింది. ఆవిరి ఇంజన్‌కు కావలసింది బొగ్గు, నీరు, గట్టి చేతులు. డీజిల్‌కు బొగ్గు అక్కర్లేదు, సన్నని కొలత కావాలి. ఇంధన పంపులో ప్లంజర్‌కూ దాని గొట్టానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఆ కొలతలు తెలిసిన మనిషి ప్రతి ఓడలోనూ దొరకడు గనక అతను ఓడల వెంట తిరగడం తప్పనిసరైంది.

ఒకే ఇంజన్, పది దేశాలు

పెద్ద సరుకు ఓడలను నడిపేవి నెమ్మదిగా తిరిగే టూ స్ట్రోక్ ఇంజన్లు. నిమిషానికి నూరు చుట్లకు అటూ ఇటూగా తిరుగుతూ నేరుగా ప్రొపెల్లర్‌నే తిప్పుతాయి, మధ్యలో గేర్‌బాక్సు ఉండదు. 2006లో నీటికి దిగిన ఎమ్మా మేర్స్క్ కంటైనర్ ఓడలోని ఇంజన్‌కు 14 సిలిండర్లు. ఒక్కో సిలిండర్ లోపలి వ్యాసం 960 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం రెండున్నర మీటర్లు. శక్తి 80,000 కిలోవాట్ల పైచిలుకు, బరువు దాదాపు 2,300 టన్నులు. ఇంత పెద్ద ఇంజన్‌ను వర్క్‌షాపుకు తీసుకెళ్లడం కుదరని పని. మనిషే దాని దగ్గరికి రావాలి.

ఈ తరహా ఇంజన్ల నమూనాలు గీసేవాళ్లు ప్రపంచంలో చాలా కొద్దిమంది. ఒకటి బర్మైస్టర్ అండ్ వైన్‌ను 1980లో కలుపుకున్న మాన్ సంస్థ శాఖ, 2025 నుంచి దాని పేరు ఎవర్లెన్స్. రెండోది స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో సుల్జర్ వారసత్వం మోస్తున్న విన్‌జీడీ. మూడోది జపాన్‌లో మిత్సుబిషి వంశపు యూఈ ఇంజన్లది. గీసేది వీళ్లే అయినా పోతపోసి బిగించేది ఎక్కువగా కొరియా, చైనా, జపాన్ కర్మాగారాల్లో. మధ్యస్థ వేగపు ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో వార్ట్‌సిలా, మాక్, బెర్గెన్, యాన్మార్, దైహత్సు, హిమ్‌సెన్ వంటి పేర్లు వినిపిస్తాయి. ఓడలో కరెంటు పుట్టించే జనరేటర్లను నడిపేవి ఇవే. క్రూయిజ్ ఓడల్లో, ఫెర్రీల్లో ఓడను నడిపేవి కూడా ఇవే. డెన్మార్క్‌లో గీసి, కొరియాలో పోతపోసి, గ్రీకు యజమాని కొని, పనామా జెండా ఎగరేసిన ఓడలో బిగించిన ఇంజన్ ఫుజైరా బయటి లంగరులో ఆగిపోతే సింగపూర్ నుంచో చెన్నై నుంచో ఒకతను బయల్దేరతాడు. ఈ ఉద్యోగంలో ఊళ్లు తిరగడం అదనపు ఆకర్షణ కాదు, పని పుట్టడమే అలా పుట్టింది.

కబురు నుంచి నిచ్చెన దాకా

సాధారణంగా మొదట వచ్చేది ఓడ కంపెనీ సూపరింటెండెంట్ ఫోను. ఇంజన్ రకం, సీరియల్ నంబరు, నడిచిన గంటలు, తీసిన ఫొటోలు, ఓడ ఏ రేవుకు ఎప్పుడు వస్తుంది, ఎన్ని గంటలు ఆగుతుంది. అనుభవమున్న ఇంజనీరు ఫోను పెట్టేలోపే సగం విడిభాగాల జాబితా తయారుచేసుకుంటాడు. నడిసముద్రంలో దుకాణం ఉండదు. మరిచిపోయిన ఒక్క రబ్బరు రింగు కోసం ఓడ ఒక రోజు ఎక్కువ ఆగితే ఆ నష్టం ఆ రింగు ధరకు వేల రెట్లు.

ఆ తర్వాత కాగితాల పని. ఇతను నావికుడు కాడు గనక నావికులకిచ్చే వీసా సౌకర్యాలు చాలా దేశాల్లో వర్తించవు. మామూలు వ్యాపార వీసా, ఓడ ఏజెంటు రాసిచ్చే హామీపత్రం వెంట ఉండాలి. పశ్చిమ ఆఫ్రికాకో దక్షిణ అమెరికాకో వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా పత్రం పాస్‌పోర్టుతో సమానం. అది లేకుండా ఆ దేశాల నుంచి భారత్‌కు తిరిగివచ్చినవారిని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. కొలత పరికరాలు చేతి సంచిలో వస్తాయి, బరువైన హైడ్రాలిక్ జాకీలు విమాన సరుకుగా ముందే వెళ్తాయి. చాలా దేశాల్లో వాటిని కస్టమ్స్ దాటించడానికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం వాడతారు. పెట్టె మనిషికన్నా ఒక రోజు ఆలస్యంగా చేరితే ఆ రోజంతా వృథా.

ఓడ బయటి లంగరులో ఉంటే లాంచీలో వెళ్లి తాడు నిచ్చెన ఎక్కాలి. నీటి నుంచి ఓడ మీదికి 9 మీటర్లకు మించి ఎత్తుంటే తాడు నిచ్చెన ఒక్కటే వాడకూడదనీ, దానికి ఓడ మెట్లదారి కలపాలనీ అంతర్జాతీయ నిబంధన. లాంచీ అల మీదికి లేచిన క్షణంలోనే నిచ్చెన పట్టుకోవాలి. కిందికి దిగుతున్నప్పుడు పట్టుకుంటే మరుసటి అలకు లాంచీ పైకి లేచి కాళ్లను నలిపేస్తుంది. పనిముట్ల సంచి భుజాన ఉండకూడదు, దాన్ని విడిగా తాడు కట్టి లాగిస్తారు. అప్పటిదాకా విమానాల్లో రెండు రాత్రులు నిద్ర లేకపోయినా నిచ్చెనకు ఆ సాకు అక్కర్లేదు.

ఇంజన్ ముందు

ఇంజన్ రూమ్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. శబ్దం 110 డెసిబెల్‌లు మించకూడదన్నది గరిష్ఠ పరిమితి, అంటే చెవులకు రక్షణ లేకుండా నిలబడరాని చోటు. అయినా మంచి ఇంజనీరు మొదట చేతికి తీసుకునేది పానా కాదు, లాగ్‌బుక్. ప్రతి సిలిండర్ నుంచి వచ్చే పొగగొట్టపు ఉష్ణోగ్రత, ఆయిల్ ఒత్తిడి, గాలి ఒత్తిడి నెల రోజులుగా ఎలా మారాయో అందులో ఉంటుంది. ఆ తర్వాత చీఫ్ ఇంజనీరుతోనూ, ఇంకా ముఖ్యంగా ఆ ఇంజన్ పక్కనే నాలుగైదు నెలలుగా ఉంటున్న మోటర్‌మన్‌తోనూ మాట్లాడాలి. ‘ఈ చప్పుడు ఎప్పటి నుంచి?’ అన్న ప్రశ్నకు జవాబు ఎక్కువసార్లు మోటర్‌మన్ దగ్గరే దొరుకుతుంది. బయటి నిపుణుణ్నన్న బిగువుతో దిగేవాడు ఆ జవాబు పోగొట్టుకుంటాడు.

కొలవడం ఈ పనికి ప్రాణం. క్రాంక్‌షాఫ్ట్ వంపు చూసే పద్ధతినే తీసుకోండి. క్రాంక్‌కేసు తలుపు తీసి, నూనె ఓడుతున్న ఆ గదిలోకి వంగి, ఒక సిలిండర్ తాలూకు రెండు క్రాంక్ వెబ్‌ల మధ్య, ఇంజన్ కట్టినప్పుడే కొట్టి ఉంచిన చిన్న గుంటల్లో డయల్ గేజ్‌ను నిలబెడతారు. టర్నింగ్ గేర్‌తో షాఫ్ట్‌ను మెల్లగా తిప్పిస్తూ ఐదు చోట్ల ముల్లు చూస్తారు. క్రాంక్ పిన్ సరిగ్గా అట్టడుగుకు వచ్చే చోట కనెక్టింగ్ రాడ్ గేజ్‌కు అడ్డం వస్తుంది, అందుకని దానికి అటొకటి ఇటొకటి కొలతలు తీసుకుంటారు. ముల్లు కదిలేది మిల్లీమీటరులో వందో వంతుల్లో. పక్కపక్క సిలిండర్ల అంకెల్లో తేడా పెరిగిందంటే వాటి మధ్యనున్న మెయిన్ బేరింగ్ అరిగి షాఫ్ట్ అక్కడ కిందికి దిగి ఉండొచ్చు. అలాగని అంకెను చూసి వెంటనే బేరింగ్ విప్పకూడదు. సరుకు నిండినప్పుడు ఓడ అడుగు ఒకలా వంగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు మరొకలా. ఇంజన్ వేడిగా ఉన్నప్పటి అంకె చల్లారాక ఉండదు. అందుకే కొలతల పక్కనే ఓడ ఎంత మునిగి ఉంది, ఆయిల్ వేడి ఎంత, ఇంజన్ ఆపి ఎన్ని గంటలైంది అని రాస్తారు. ఈ మూడు లేని వంపు కొలతల కాగితం ఎంత అందంగా టైపు చేసినా చెత్తకాగితమే.

అరుగుదల చదవడం మరో విద్య. టూ స్ట్రోక్ ఇంజన్లో గాలి లోపలికొచ్చే రంధ్రాల గుండా టార్చి వేసి పిస్టన్ రింగులనూ లైనర్ గోడనూ చూడవచ్చు. దీనికి సిలిండర్ హెడ్ విప్పనక్కర్లేదు. రింగు మీద నిలువు గీతలు, మసక, విరిగిన అంచు, ఒక పక్క తడి, మరో పక్క పొడి, ఇవన్నీ సాక్ష్యాలే. ఒక్క సిలిండరే అరిగితే అది దాని సొంత జబ్బు: ఇంజెక్టర్ కారుతూ ఉండొచ్చు, సిలిండర్ ఆయిల్ అందకపోయి ఉండొచ్చు. అన్నీ ఒక్కసారిగా అరిగితే అనుమానం ఇంధనం మీదికి వెళ్తుంది. చమురు శుద్ధి కర్మాగారాల్లో వాడే ఉత్ప్రేరకపు నలుసులు, అల్యూమినియం, సిలికాన్ కలిసిన గట్టి రేణువులు, ఓడ ఇంధనంలో మిగిలిపోతాయి. ఐఎస్ఓ 8217 ప్రమాణం కొనే ఇంధనంలో కిలోకు 60 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. ఇంజన్‌కు చేరేసరికి వాటిని ప్యూరిఫైయర్ 15కు తగ్గించాలి. ప్యూరిఫైయర్ సరిగా పనిచేయకపోతే ఆ రేణువులు మెత్తటి లోహంలో దిగబడి లైనర్‌ను ఆకురాయిలా తినేస్తాయి. అలాంటి ఓడలో లైనర్లు మార్చి, ప్యూరిఫైయర్ గదిలోకి తొంగిచూడకుండా దిగిపోయిన ఇంజనీరు మళ్లీ ఆరు నెలల్లో అదే ఓడ ఎక్కుతాడు.

నిబంధన మారినా లోపాల తీరు మారుతుంది. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం గరిష్ఠ పరిమితి 3.50 శాతం నుంచి 0.50 శాతానికి దిగింది. అంతకుముందు గంధకపు ఆమ్లాన్ని తట్టుకోవడానికి క్షారగుణం ఎక్కువున్న సిలిండర్ ఆయిల్ వాడేవారు. ఇంధనం మారినా ఆయిల్ మార్చని ఓడల్లో తటస్థపరచడానికి ఆమ్లం లేక ఆ క్షారమే గట్టి మడ్డిగా పిస్టన్ల మీద పేరుకుంది. చాలా ఇంజన్ రూముల్లో కొత్త ఇంధనాన్ని తిట్టారు. తప్పు ఇంధనానిది కాదు, పాత అలవాటుది.

విప్పిన దాన్ని బిగించడంలో పానా, సుత్తి పాత్ర ఇప్పుడు తక్కువ. పెద్ద నట్లను హైడ్రాలిక్ జాకీలతో బోల్టును సాగదీసి బిగిస్తారు. ఒత్తిడి వెయ్యి బార్‌కు అటూ ఇటూ. కారు టైరులో ఉండే ఒత్తిడికి అది నాలుగైదు వందల రెట్లు. ఆ గొట్టంలో చిల్లు పడితే వచ్చే నూనె చార చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది. దాన్ని ఉపేక్షిస్తే వేలు తీసేయాల్సి రావచ్చు.

ప్రమాదాలు

ఈ వృత్తిలో అన్నిటికన్నా భయపెట్టేది క్రాంక్‌కేసు పేలుడు. లోపల ఏదో బేరింగ్ మితిమీరి వేడెక్కితే ఆయిల్ ఆవిరై, మళ్లీ చల్లబడి పొగమంచులా తేలుతుంది. ఆ మంచు బాగా వేడెక్కిన చోటును తాకితే అంటుకుంటుంది. 1947 సెప్టెంబరులో ఉత్తర ఐర్లాండ్ తీరంలో రైనా డెల్ పసిఫికో అనే ప్రయాణికుల ఓడ, పెద్ద మరమ్మతు తర్వాత పరీక్షా ప్రయాణం చేస్తుండగా క్రాంక్‌కేసులు పేలి 28 మంది చనిపోయారు. ఇప్పుడు క్రాంక్‌కేసు తలుపులకు కనిపించే, పేలుడు ఒత్తిడిని బయటికి వదిలే వాల్వులు, ఆయిల్ మంచును పసిగట్టే పరికరాలు తప్పనిసరి కావడానికి ఆ ప్రమాదంపై జరిగిన పరిశోధనే దారి వేసింది. ఆయిల్ మిస్ట్ అలారం మోగితే ఇంజన్ ఆపి, తలుపు తీయకుండా కనీసం అరగంట ఆగాలి. ఆత్రంగా తలుపు తీస్తే కొత్త గాలి లోపలికి వెళ్లి, లేని పేలుడు పుడుతుంది.

క్రాంక్‌కేసులోకి మనిషి దిగే ముందు స్టార్టింగ్ గాలి వాల్వు మూసి తాళం వేయాలి, టర్నింగ్ గేర్ తగిలించి ఉంచాలి, గాలిలో ఆక్సిజన్ కొలవాలి. టర్నింగ్ గేర్ నడిపే స్విచ్ లోపలున్నవాడి చేతిలోనే ఉండాలి. అపరిచితమైన ఓడ, కొత్త భాష, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడే నాలుగు దేశాల సిబ్బంది మధ్య ఈ నియమాల్లో ఏ ఒక్కదాన్నీ ఎవరికోసమూ సడలించకూడదు.

చిన్న వివరం ఎంత దూరం పోతుందో ఇటీవలి రెండు ఘటనలు చూపించాయి. 2019 మార్చిలో నార్వే తీరంలో తుపానులో చిక్కిన వైకింగ్ స్కై క్రూయిజ్ ఓడలో 1,373 మంది ఉన్నారు. జనరేటర్ల అడుగు తొట్టెల్లో ఆయిల్ మట్టం తక్కువగా ఉంది. ఓడ ఊగేసరికి పంపులకు ఆయిల్ అందక ఇంజన్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. 479 మందిని హెలికాప్టర్లతో దించారు. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో కరెంటు పోయిన డాలీ ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెనను ఢీకొంది, వంతెన మీద రోడ్డు పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2025 నవంబరులో తేల్చిన కారణం వదులుగా ఉన్న ఒక సిగ్నల్ వైరు. వైరు పేరు తెలియడానికి తొడిగిన పట్టీ అడ్డుపడి వైరు కొస టెర్మినల్‌లోకి పూర్తిగా దూరలేదు.

నివేదిక

పని ముగిశాక రాసే సర్వీసు రిపోర్టును చాలామంది తప్పదన్నట్టు రాస్తారు. ఇంజనీరు విలువ తెలిసేది అక్కడే. ఏం కొలిచాం, ఏం చూశాం, ఏం మార్చాం, ఏం మార్చలేకపోయాం, ఎందుకు అన్నవి విడివిడిగా ఉండాలి. ఓడ ఆగిన రోజులకు అద్దె ఎవరు భరించాలన్న తగాదాలో, బీమా కంపెనీ ముందు, గ్యారంటీ వివాదంలో ఆ కాగితమే సాక్ష్యం. క్లాస్ సర్వేయర్ కూడా దాన్నే అడుగుతాడు. లాయిడ్స్ రిజిస్టర్, డీఎన్‌వీ, మన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ వంటి క్లాస్ సంస్థల నియమాల ప్రకారం ఇంజన్‌లోని ముఖ్య భాగాలన్నీ ఐదేళ్లకోసారి తనిఖీకి రావాలి. ఇంజెక్టర్ నాజిల్ మార్చినా సరే, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్ల నియమానికి సంబంధించిన రికార్డులో రాయాలి. సిబ్బంది పొరపాటు ఉంటే రాయవద్దని చీఫ్ ఇంజనీరు బతిమాలిన సందర్భాలూ, తయారీ లోపం ఉంటే రాయవద్దని సొంత కంపెనీ ఒత్తిడి చేసిన సందర్భాలూ ఈ వృత్తిలో ఎదురవుతాయి. రెండింటికీ లొంగకుండా రాసినవాళ్ల పేరే చీఫ్ ఇంజనీర్లు మళ్లీ అడుగుతారు.

దాంతోపాటు టైం షీటు. ప్రయాణం, ఎదురుచూపు, పని గంటలు వేర్వేరు వరసల్లో రాసి చీఫ్ సంతకం తీసుకుంటారు. ఎదురుచూపు వరస చాలాసార్లు పని వరసకన్నా పొడుగ్గా ఉంటుంది. ఓడ రావడం ఆలస్యమై రేవు ఊరి హోటల్లో నాలుగు రోజులు గడిపి, ఐదో రోజు 18 గంటలు ఏకబిగిన పనిచేయడం వింత కాదు. పని తెమలకుండానే ఓడ కదలాల్సి వస్తే ఇంజనీరు అదనపు మనిషిగా పేరు రాయించుకుని తర్వాతి రేవు దాకా ప్రయాణిస్తాడు. ఇంట్లో పండగలూ పెళ్లిళ్లూ ఈ లెక్కలో ఏ వరసలోనూ ఉండవు. చాలామంది నలభైలలోకి వచ్చేసరికి ఆఫీసు ఉద్యోగానికి మళ్లడానికి జీతం కన్నా ఇదే పెద్ద కారణం.

కొత్త ఇంధనాలు, దూరపు చూపు

2020లో కోవిడ్ ప్రయాణాలను ఆపేసినప్పుడు కెమెరా కళ్లద్దాలతో సిబ్బంది చూపిస్తుంటే తీరాన కూర్చుని చెప్పే పద్ధతి బాగా పాకింది. సెన్సార్ల అంకెలు ఉపగ్రహం ద్వారా కంపెనీకి ముందే చేరుతున్నాయి. కొన్ని ప్రయాణాలు దీనివల్ల తప్పాయి. బేరింగ్ తాకి చూసే చేతిని మాత్రం కెమెరా పంపలేదు. మరోపక్క ఇంజన్లే మారుతున్నాయి. క్యామ్‌షాఫ్ట్ పోయి కంప్యూటర్ వచ్చింది, ద్రవ సహజవాయువుతో నడిచే ఇంజన్లు వచ్చాయి. 2023లో మెథనాల్‌తో నడిచే తొలి కంటైనర్ ఓడ లారా మేర్స్క్ నీటి మీదికి వచ్చింది. మెథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి కనిపించదు, మరో కొత్త ఇంధనం అమ్మోనియా విషం. పాత అనుభవం ఎంతున్నా ఈ ఇంజన్ల దగ్గర మళ్లీ తరగతిలో కూర్చోవాల్సిందే.

తెలుగు తీరంలో

ఈ వృత్తిలోకి రెండు దారులు. ఓడల్లో పనిచేసి సెకండ్, చీఫ్ ఇంజనీరు సర్టిఫికెట్లు పొంది తీరానికి వచ్చినవాళ్లు ఒకరు, కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరుగానో మెకానికల్ ఇంజనీరుగానో ఎదిగినవాళ్లు మరొకరు. మొదటివాళ్లకు ఓడ తెలుసు, రెండోవాళ్లకు ఇంజన్ తెలుసు. రెండూ తెలియడానికి ఎవరికైనా పదేళ్లు పడుతుంది. విశాఖపట్నంలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ శాఖా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ ఇంజనీరింగ్ చదువూ ఉన్నాయి. 1941లో మొదలై, 1948లో జలఉష ఓడను నీట దింపిన హిందుస్థాన్ షిప్‌యార్డు అక్కడే ఉంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఫిట్టర్లుగా, మోటర్‌మన్లుగా విదేశీ ఓడలెక్కినవాళ్లు వేలల్లో ఉన్నారు. కాకినాడలో, విశాఖ బయటి లంగరులో ఆగిన ఓడల మీదికి సర్వీసు ఇంజనీర్లు లాంచీల్లో వెళ్లడం ఆ ఊళ్లకు కొత్త కాదు.

ఈ వృత్తికి అతి దగ్గరి చుట్టం విశాఖ చేపలరేవులోని మరబోటు మెకానిక్. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్ల ఇంజన్లు ఒళ్లు విప్పుకునేది ఆ రెండు నెలల్లోనే. అశోక్ లేలాండ్, కిర్లోస్కర్ వంటి కంపెనీల ఇంజన్ల హెడ్లు దించి, వాల్వులు రుద్ది, ఉప్పునీరు తిన్న కూలర్ గొట్టాలు విప్పి శుభ్రం చేస్తారు. వీళ్లకు టైం షీటూ లేదు, డిజిటల్ గేజూ లేదు. ఇంజన్ స్టార్టు చేసి, పొడుగాటి పానా ఒక కొసను బేరింగ్ మీద, రెండో కొసను చెవి దగ్గర పెట్టుకుని వింటారు. తర్వాత బోటు డ్రైవర్‌ను పిలిచి, చప్పుడు ఎప్పటి నుంచి వస్తోందని అడుగుతారు.